పని లేటైతే ఫైన్ మాకు, బిల్లు లేటైతే ఎవరికి?

ఎడిటర్ గారికి నమస్కారం.

వేసిన రెండేళ్లకే కంకర తేలిన సీసీ రోడ్డు, పెచ్చులూడిన బడి గోడ, సగంలో ఆగిపోయిన గ్రామ పంచాయతీ భవనం ఫొటోలు మీ జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. కింద "కాంట్రాక్టర్ నిర్లక్ష్యం" అని ఒక లైను ఉంటుంది. చాలాసార్లు ఆ మాట నిజమే, కాదనను. కానీ ఆ పనికి రాసుకున్న అగ్రిమెంటులో ఏముందో, ఆ బిల్లు ఎప్పుడొచ్చిందో, అసలు వచ్చిందో లేదో ఆ ఫొటోలో కనబడదు. దేవరకొండ వైపు బడి ప్రహరీలు, మరుగుదొడ్లు, సీసీ రోడ్లు, మోరీలు లాంటి చిన్న పనులు చేసే కాంట్రాక్టర్‌ని నేను. నాకు తెలిసింది జనానికి కూడా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన టెండర్ నిబంధనల్లో ఆలస్యానికి ఖరీదు ఒకవైపే ఉంది. పని గడువు దాటితే కాంట్రాక్టర్‌కు జరిమానా, నోటీసు, ఇంకా ముదిరితే బ్లాక్ లిస్ట్. ప్రభుత్వం బిల్లు ఏడాది ఆపితే ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే కాదు, బకాయి మీద కాంట్రాక్టర్‌కు మిత్తి అడిగే హక్కు లేదని మన దగ్గర వాడే స్టాండర్డ్ షరతుల్లోనే రాసి ఉంటుంది. దాని మీద సంతకం పెట్టకుండా పని దొరకదు. ఈ ఒక్క షరతు మారకుండా క్వాలిటీ కంట్రోల్‌లో ఎంతమంది ఇంజినీర్లను పెంచినా, ఎన్ని విజిలెన్స్ తనిఖీలు పెట్టినా పనుల్లో పెద్ద మార్పు రాదు.

ఒక బిల్లు ఎలా నడుస్తుందో తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. పని పూర్తయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు వచ్చి కొలతలు తీసుకుని ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు, ఆయన పైన డీఈ గారు ఆ కొలతలు మళ్లీ సరిచూస్తారు, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఆఫీసులో బిల్లు తయారవుతుంది, క్వాలిటీ రిపోర్టు జతచేసి చెల్లింపులు చూసే పీఏఓ (పే అండ్ అకౌంట్స్) ఆఫీసుకు పంపిస్తారు, అక్కడ పాస్ అయితే ఒక టోకెన్ నంబర్ పడుతుంది. ఇంతవరకు ఎవరి దగ్గర ఆగినా వెళ్లి అడగొచ్చు, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో తెలుస్తుంది. టోకెన్ పడ్డాక మాత్రం ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఈఈ ఆఫీసులో అడిగితే మా పని అయిపోయింది అంటారు, పీఏఓ వాళ్లు ఫండ్స్ పైనుంచి రావాలి అంటారు, ఆ పైన ఎవరో మాలాంటి వాళ్లకు ఎలా తెలుస్తుంది? నా తర్వాత టోకెన్ పడ్డ బిల్లుకు డబ్బులు వచ్చి నాది అలాగే ఉండిపోయిన సందర్భం ఉంది. ఎందుకలా జరిగిందని అడిగితే చెప్పే మనిషి దొరకలేదు. ఇక్కడ ఏ ఆఫీసు పేరూ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక ఆఫీసు తప్పు కాదు. బిల్లులు వచ్చిన వరుసలోనే చెల్లించాలని, ఆ వరుస అందరికీ కనబడాలని గట్టిగా చెప్పే నిబంధన లేకపోవడమే అసలు సమస్య.

లెక్క చూడండి. 10 లక్షల అంచనా ఉన్న పని అనుకుందాం. పోటీలో 20 శాతం లెస్‌కు, అంటే అంచనా కంటే అంత తక్కువకు టెండర్ వేస్తే అగ్రిమెంటు 8 లక్షలకు రాసుకుంటాం. ముందే ఈఎండీ (టెండర్ డిపాజిట్) కింద రెండున్నర శాతం కట్టాలి, తర్వాత ప్రతి బిల్లులో ఏడున్నర శాతం ఆపుకుంటారు, అంటే ఇందులోనే సుమారు 80 వేలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. అందులో కొంత డబ్బు పని అయిపోయాక, మిగతాది డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు వస్తే మేమే బాగుచేయాల్సిన కాలం) దాటాక ఇస్తారు. దీనికి నాకు అభ్యంతరం లేదు, కట్టింది నిలబడుతుందో లేదో చూసుకోవడానికి హామీ ఉండాల్సిందే. మరి సిమెంటు, స్టీల్, కంకర, ఇసుక, డీజిల్, కూలీ, అన్నీ కలిపి చేతి నుంచి ఒక 6 లక్షలు పెట్టానంటే ఆ 6 లక్షలు ఎక్కడివి? బ్యాంకువాళ్లు చిన్న కాంట్రాక్టర్‌కు తాకట్టు లేకుండా ఇవ్వరు. మా ఊళ్లలో నూటికి రెండు రూపాయల మిత్తి మామూలు. అంటే నెలకు 12 వేలు, ఏడాది బిల్లు ఆగితే 1 లక్షా 44 వేలు. ఎస్సెస్సార్ (అంచనాలకు ప్రభుత్వం వాడే రేట్ల పట్టిక) రేట్లలో ఓవర్‌హెడ్స్, కాంట్రాక్టర్ లాభం అన్నీ కలిపి సుమారు 14 శాతం వేస్తారు. 8 లక్షల మీద 14 శాతం అంటే 1 లక్షా 12 వేలు. లాభం మొత్తం పోయి, పైన ఇంకో 32 వేలు ఇంట్లో నుంచి పెట్టుకోవాలి. లెస్‌కు పోయింది ఈ లెక్కలో కలపనే లేదు. సిమెంటు మీద జీఎస్టీ కొన్న రోజే కడతాం, ప్రభుత్వం డబ్బులు ఇచ్చేదాకా షాపు ఆగదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, మంచిదే, కానీ బిల్లు ఏడాది ఆగినప్పుడు ఆ ఆదా మిత్తికి కూడా చాలదు.

మరి ఇంత నష్టమైతే లెస్‌కు ఎందుకు వేస్తారు అని చదివే వాళ్లకు అనుమానం రావచ్చు. న్యాయమైన ప్రశ్నే. మిల్లర్ (కాంక్రీట్ కలిపే మిషను), సెంట్రింగ్ సామాను, ట్రాక్టర్ ఖాళీగా పెట్టుకుంటే అవి తినేస్తాయి. గడిచిన ఏళ్లలో ఇలాంటి పనులు చేసినట్టు, ఇంత టర్నోవర్ ఉన్నట్టు చూపించకపోతే రేపు కొంచెం పెద్ద పనికి అర్హతే ఉండదు. పాత బిల్లుల అప్పు తీర్చడానికి కొత్త పని చేతిలో ఉంటేనే షాపువాళ్లు మళ్లీ ఉద్దెర ఇస్తారు. అలా ఒకరు 15 శాతానికి వేస్తే ఇంకొకరు 22 శాతానికి పోతారు. 25 శాతం దాటి తక్కువకు వేస్తే ఆ తేడాకు అదనపు సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలన్న నిబంధన ఉంది కాబట్టి చాలామంది ఆ గీతకు ఇవతలే ఆగుతారు. అంటే నూరు రూపాయల పని 76 రూపాయలకు ఎలా చేస్తావని అడిగే వాళ్లు లేరు, గీత దాటావా లేదా అనే చూస్తారు.

ఆ 24 రూపాయలు, ఆ మిత్తి ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. మా లైన్‌లో ఉన్నవాళ్లందరికీ ఎక్కడో తెలుసు. సిమెంటు పాళ్లు తగ్గుతాయి. ఎం20 కాంక్రీట్ అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాలి, పరీక్షకు పంపే కాంక్రీట్ దిమ్మెలు (క్యూబులు) మాత్రం మంచి మిక్స్‌తో వేరేగా పోసి పంపించే వాళ్లున్నారు. రోడ్డు అంచుల్లో మందం సరిగ్గా ఉంచి మధ్యలో తగ్గిస్తారు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ ఖర్చు మిగుల్చుకుందామని క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగా ఉంచడం) ఎగ్గొడతారు. మా ప్రాంతంలో ఏప్రిల్, మే ఎండలకు క్యూరింగ్ లేని సీసీ రోడ్డు అప్పుడే చచ్చిపోయినట్టు, పైకి కనబడటానికి కొంత టైం పడుతుందంతే. ఇది తప్పు, ప్రజల సొమ్ముకు ద్రోహం, చేసిన వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే. టెండర్లలో రింగులు కావడం (ముందే కూడబలుక్కోవడం), దొంగ అనుభవం సర్టిఫికెట్లు పెట్టడం కూడా ఉన్నాయి, వాటిని నేను సమర్థించడం లేదు. కానీ నిజాయితీగా పని చేసినవాడు మిత్తి కట్టలేక తప్పుకుని, మిక్స్ తగ్గించినవాడే పోటీలో నిలబడేలా నిబంధనలు ఉన్నప్పుడు ఎలాంటి వాళ్లు మిగులుతారు? మంచి పనితనం ఉన్న మేస్త్రీ కొడుకులు కొందరు ఈ లైను వదిలేసి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ పనికి పోతున్నారు.

అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలేది కూలీలకు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, సొరంగాలు ఎక్కడ తవ్వినా నారాయణపేట, మక్తల్, కోస్గి, దేవరకద్ర వైపు నుంచి గుంపు మేస్త్రీల వెంట ఊళ్లకు ఊళ్లే పోయాయి. ఇప్పుడు చాలావరకు పరిస్థితి మారింది, నీళ్లు కొన్నిచోట్ల వచ్చాయి, వలస తగ్గింది. కానీ సొంత జిల్లాలో సర్కారు పని చేసినా కూలీ చేతికి రాకపోతే వాళ్లు మళ్లీ బస్సు ఎక్కుతారు. బిల్లు ఆగినప్పుడు నేను ముందు ఆపేది ఎవరి డబ్బులు? సిమెంటు షాపు వాడివి ఆపితే రేపు లోడు రాదు, క్రషర్ వాడివి ఆపితే కంకర రాదు. కూలీ మాత్రం "వచ్చే వారం సార్" అంటే తలూపి వెళ్లిపోతాడు. ఏ కాంట్రాక్టర్‌ను అడిగినా, నిజం చెప్పదలుచుకుంటే ఇదే చెప్తాడు. కార్మికుల సంక్షేమం పేరిట ప్రతి బిల్లులో ఒక శాతం సెస్సు పట్టుకుంటారు, సంక్షేమ బోర్డు కార్డు కావాలంటే కూలీ ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. సెస్సు మాత్రం తప్పకుండా పట్టుకుంటారు, ఆ కూలీకి రావాల్సిన వారం డబ్బులు ఎప్పుడు ముట్టాయో చూసే నిబంధన అమలులో లేదు. బిల్లులో కూలీ వాటా ఎంతో ఎస్టిమేటులోనే ఉంటుంది కదా, ఆ వాటా ముందు విడుదల చేసి నేరుగా వాళ్ల ఖాతాల్లో పడేలా చేస్తే మాకేం నష్టం? నేనైతే మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

సర్కారు బడులను బాగుచేసే "మన ఊరు మన బడి" పథకం ఒక్కటి చూసినా విషయం అర్థమవుతుంది. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలుపెట్టారు. మొత్తం 26,065 బడులు, 7,289 కోట్లు అన్నారు, మొదటి విడతలో 9,123 బడులు తీసుకున్నారు. ఆలోచన చాలా మంచిది, మా ఊళ్లలో పిల్లలు రేకుల కింద, చెట్ల కింద కూర్చున్న రోజులు నేను చూశాను. కానీ పనులు మొదలైన వేగంతో బిల్లులు రాలేదు, కొన్నిచోట్ల కాంట్రాక్టర్లు బడి గదులకు తాళాలు వేసిన వార్తలు వచ్చాయి. పిల్లల గదికి తాళం వేయడం తప్పు. కానీ ఆ తాళం వేసినవాడు ఇంట్లో ఏం తాకట్టు పెట్టి ఆ గది కట్టాడో కూడా చూడాలి. సర్పంచులదీ అదే కథ. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం ముగిసినా, సొంతంగా అప్పు తెచ్చి వైకుంఠధామాలు, మోరీలు కట్టించిన వాళ్లు బిల్లుల కోసం తిరుగుతూనే ఉన్నారు. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు సచివాలయంలోనే ఆందోళనకు దిగాల్సి వచ్చింది. ప్రభుత్వం మారినా ఇది మారలేదు కాబట్టి దీన్ని ఏ పార్టీకి అంటగట్టినా లాభం లేదు. నిబంధన రాతలో ఉండాలి, ఎవరు వచ్చినా అది పనిచేయాలి.

కొత్తగా ఏదో కనిపెట్టక్కర్లేదు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్ 29న కేంద్ర శాఖలకు పనుల సేకరణ మీద సూచనలు ఇచ్చింది. బిల్లు పెట్టిన 10 పని దినాల్లో అందులో 75 శాతానికి తగ్గకుండా చెల్లించాలి, మిగతాది పూర్తిగా పరిశీలించి 28 పని దినాల్లోపు ఇవ్వాలి. 30 పని దినాలు దాటితే మిత్తి ఇచ్చే ఏర్పాటు పెట్టుకోవచ్చని, ఆ మిత్తి జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి) రేటుకు ఉండాలని కూడా అందులో ఉంది. జీపీఎఫ్ అంటే కొన్నేళ్లుగా 7.1 శాతం, మేము కట్టే 24 శాతంతో పోలిస్తే చాలా తక్కువ, అయినా చాలు. డబ్బు కోసం కాదు నేను మిత్తి అడిగేది. ఆలస్యం చేస్తే ఖజానాకు ఖర్చవుతుందని ఫైలు మీద ఒక అంకె కనబడాలి, అప్పుడే ఆ ఫైలు కదులుతుంది. రాష్ట్రం ఈ మాటలను తన అగ్రిమెంటు ఫారంలో రాసుకోవడానికి అడ్డం ఏమీ లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు విన్నాను. మొదటిది, పరిశీలించకముందే 75 శాతం ఇస్తే దొంగ బిల్లులు పెరుగుతాయని. కొలతలు లేకుండా ఇమ్మని ఎవరూ అనడం లేదు, ఏఈ సంతకం పెట్టిన బిల్లులోనే 75 శాతం ఇస్తారు, మిగతా 25 శాతం, పైన డిపాజిట్లు ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. ఎక్కువ రాస్తే అందులో కోయొచ్చు, రాసిన వాళ్ల మీద కేసు పెట్టొచ్చు. రెండోది, ఖజానాలో డబ్బు లేదు కదా అని. మరి డబ్బు లేనప్పుడు టెండర్ ఎందుకు పిలిచారు? కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టేముందు చేతిలో ఎంతుందో చూసుకోని ఇల్లు ఉంటుందా? పరిపాలనా అనుమతి ఇచ్చేటప్పుడే ఆ పనికి ఆ ఏడాది ఎంత డబ్బు పక్కన పెట్టారో టెండర్ నోటీసులో రాయాలి. పది ఊళ్లకు శంకుస్థాపన చేసి పదింటినీ సగంలో ఆపే బదులు నాలుగు ఊళ్లకు పూర్తిగా కట్టండి. ఎమ్మెల్యేలకు కొబ్బరికాయలు తగ్గుతాయి, ఊరికి భవనం దక్కుతుంది.

టోకెన్ల జాబితా సంగతి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే దీనికి రూపాయి ఖర్చు లేదు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ మనకు 2003 నుంచే ఉంది. టెండర్ ఎవరు వేశారు, ఎంతకు వేశారు, ఎవరికి దక్కింది అన్నీ ఆన్‌లైన్‌లో కనబడుతున్నాయి. మరి పని దక్కాక బిల్లు ఏ తేదీన వచ్చింది, ఏ నంబర్‌లో ఉంది, ఎప్పుడు చెల్లించారు అనేది అదే చోట ఎందుకు కనబడదు? తేదీ వరుస తప్పి ఎవరికైనా ముందు ఇస్తే ఎందుకిచ్చారో అక్కడే ఒక లైను రాయాలి. వరదలప్పుడు, ఆసుపత్రి పనులకు ముందు ఇవ్వాల్సి రావచ్చు, రాయండి, ఎవరూ కాదనరు. ఆ ఒక్క జాబితా బయట పెడితే మధ్యవర్తులకు పని ఉండదు, ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు.

కేరళలో కాంట్రాక్టర్ల బిల్లులకు బ్యాంకుల ద్వారా డిస్కౌంట్ పద్ధతి ఉంది, ప్రభుత్వం ఒప్పుకున్న బిల్లు చూపించి బ్యాంకులో డబ్బు తీసుకోవచ్చు. మన దగ్గర పాస్ అయిన బిల్లు మీద బ్యాంకు పైసా ఇవ్వదు, ఎందుకంటే అది ఎప్పుడొస్తుందో బ్యాంకుకూ తెలియదు.

ఇంకోటి, పనులను కలిపి ప్యాకేజీలు చేయడం. హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ) పద్ధతిలో చాలా రోడ్లు కలిపి ఒకే టెండర్ పిలుస్తారు, నిర్మాణ సమయంలో ప్రభుత్వం 40 శాతం ఇస్తుంది, మిగతాది ఏళ్ల తరబడి వాయిదాల్లో వస్తుంది. అంత కాలం పెట్టుబడి పెట్టగలిగేది పెద్ద కంపెనీలే. పెద్ద హైవేలకు ఇది సరే, మండలం నుంచి ఊరికి పోయే రోడ్డుకు ఎందుకు? పెద్ద కంపెనీ టెండర్ తీసుకుని, కింద మళ్లీ మాలాంటి వాళ్లకే సబ్ కాంట్రాక్టుకు ఇస్తుంది, మధ్యలో కొంత శాతం మిగుల్చుకుంటుంది. రోడ్డు వేసేది ఆ చేతులే, డబ్బు మాత్రం ఇంకా తగ్గి వస్తుంది. చిన్న పనులు చిన్నగానే ఉంచండి. తక్కువ రేటుకు వేసిన వాళ్లను ఆ రేటు ఎలా కుదురుతుందో ఒక్కో ఐటమ్‌కు రాసి చూపించమనండి. క్వారీ దగ్గర ఉంది కాబట్టి కుదురుతుందా, సొంత మిల్లర్ ఉందా, అడగండి. చూపించలేకపోతే తిరస్కరించండి. నాది తిరస్కరించినా నాకు బాధ లేదు.

తమిళనాడుకు 1998లో, కర్ణాటకకు 1999లో, రాజస్థాన్‌కు 2012లో ప్రభుత్వ టెండర్ల మీద శాసనసభ చేసిన చట్టాలు వచ్చాయి. మనం ఇంకా ఉమ్మడి రాష్ట్రంలో 2003 జూలై 1న వచ్చిన జీవో 94 లాంటి వాటి మీద, వాటికి చేసిన సవరణల మీద బండి నడిపిస్తున్నాం. జీవోను ఒక సంతకంతో మార్చొచ్చు, ఒక పనికి సడలించొచ్చు, చట్టాన్ని అంత తేలికగా కుదరదు. నల్లగొండ, పాలమూరు ఎమ్మెల్యేలు పార్టీలు పక్కన పెట్టి దీన్ని సభలో అడగాలి. ముఖ్యమంత్రి గారు పాలమూరు బిడ్డ, రోడ్లు భవనాల మంత్రి గారు నల్లగొండ బిడ్డ, కూలీ గోస, కాంట్రాక్టు పని గోస వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చట్టానికి టైం పడుతుంది అంటే ఈలోపు అగ్రిమెంటు ఫారంలో మిత్తి లేదన్న షరతు కొట్టేసి కేంద్రం రాసిన 10 రోజులు, 28 రోజుల మాటలు రాయండి, టోకెన్ల జాబితా ఆన్‌లైన్‌లో పెట్టండి. ఈ రెండింటికీ జీవో చాలు. మీ పత్రిక కూడా ఇకమీదట పగిలిన రోడ్డు ఫొటో వేసినప్పుడు ఆ పని ఎంత లెస్‌కు పోయింది, బిల్లు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు చెల్లించారు అనే మూడు వివరాలు ఆఫీసులో అడిగి కింద వేయమని కోరుతున్నాను. ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు,
ఒక చిన్న కాంట్రాక్టర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా